కొండబాటకు చవక బూట్లు

కొండ ఎక్కడానికి ఖరీదైన బూట్లే కావాలా? రెండు వేల రూపాయల లోపు దొరికే ట్రెయిల్ రన్నింగ్ బూట్లను విశాఖపట్నం శివారులోని కంబాలకొండ అడవిబాటలో పరీక్షించి చూశాను.

ఎక్కేటప్పుడు వాటి తేలికదనం హాయినిచ్చింది. పొడిమట్టిలో అట్టమీది రబ్బరు గుబ్బలు నేలలో దిగి గట్టిగా పట్టాయి. అయితే అసలు పరీక్ష దిగేటప్పుడే. తడిసిన నున్నని రాతిలోకి గుబ్బలు దిగవు. అక్కడ పట్టు రబ్బరు మెత్తదనం మీద, రాతిని తాకే వైశాల్యం మీద ఆధారపడుతుంది. ఈ బూట్లు అక్కడ జారాయి. చీలమండకు ఆసరా కూడా లేదు.

కనుక తేలిక సంచితో, పొడి వాతావరణంలో పూటనడకకు ఇవి చాలు. వానాకాలంలోనూ, బరువు మోస్తున్నప్పుడూ తగవు. నడకలో పాదం ఉబ్బుతుంది. అందుచేత సాయంత్రం వేళ, మేజోళ్లతో తొడిగి చూసి కొనాలి. వేళ్ల ముందు బొటనవేలి మందమంత ఖాళీ లేకుంటే దిగుడులో గోళ్లు దెబ్బతింటాయి. పిల్లలతో కొండకు బయలుదేరే మిత్రులు ధరచీటీ కన్నా ముందు అట్టను తిప్పి చూడవలసిందిగా మనవి.