చెవియే గురువు

ఒడిలో నిముడునంతటి పెట్టె. దాని ముఖమున నాలుగు వరుసలలో పదునారు రబ్బరు ప్యాడులు. పైభాగమున నొక చిన్న తెర, దానికి తోడుగా ఆరు మీటలు. జపాను దేశపు అకాయ్ సంస్థ 2003లో వెలువరించిన ఎం.పి.సి. 1000 అను సాంప్లరు చూచుటకింతియే. మృదంగముపై బడిన దెబ్బనైనను, తలుపు మూసిన చప్పుడునైనను, పాత గ్రామఫోను రికార్డులోని యొక స్వరమునైనను ఇది సెకనుకు 44,100 పర్యాయములు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా జ్ఞాపకమందుంచుకొని, వ్రేలితో ప్యాడును తట్టిన క్షణమున మరల పలికించును. స్టీరియో ధ్వనికి నిమిషమునకు సుమారు 10 మెగాబైట్ల చోటు కావలెను. కొన్ననాడు యంత్రమున నున్నది 16 మెగాబైట్లు మాత్రమే, వేరుగా కొని చేర్చినచో 128 వరకు పెరుగును. ఇంత యిరుకింటిలో సంసారము నడుపవలసిన వాద్యకారునకు ఏ శబ్దమునెంత పొడవున కోయవలెనో తెలియుటయే మొదటి విద్య.

ఈ వంశమునకు మూలపురుషుడు అమెరికా దేశస్థుడైన రోజర్ లిన్. నిజమైన డ్రమ్ముల ధ్వనులను అంకెలుగా నిలువచేసి వాయించు మొదటి తాళయంత్రమును 1980లో ఎల్.ఎం. 1 అను పేర లోకమునకిచ్చినవాడాయనయే. 1988లో వెలువడిన మొదటి ఎం.పి.సి.ని రూపొందించుటలో అకాయ్ వారికి చేదోడైనవాడును ఆయనయే. డెట్రాయిట్ నగరపు సంగీతకర్త జె డిల్లా వాడిన ఎం.పి.సి. 3000 నేడు వాషింగ్టనులోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర సంస్కృతుల జాతీయ మ్యూజియమునకు చేరినది. పెట్టె వాద్యమైనదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఇట్టి యంత్రమునకు దేహమెంత ముఖ్యమో, ఏ మీట నొక్కిన నేమి జరుగవలెనో నిర్ణయించు లోపలి ఆజ్ఞావళి, అనగా ఆపరేటింగ్ సిస్టమ్, అంత ముఖ్యము. విక్రమార్కుని కథలలో పరకాయప్రవేశవిద్యను మనమందరము చిన్ననాడే వింటిమి. ఎం.పి.సి. 1000 విషయమున ఆ విద్య ప్రత్యక్షముగా జరిగినది. జె.జె. అను రెండక్షరములతోనే లోకమునకు తెలిసిన జపాను దేశపు ప్రోగ్రామరు ఒకరు ఈ పెట్టెకు వేరొక ఆజ్ఞావళిని వ్రాసి, ఉచితముగా నొకదానిని, వెలకు మరికొన్నింటిని అందించిరి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు మీదికి ఒక ఫైలు నెక్కించి, దానిని యంత్రమునకు చదివించినంతనే దేహమదియే యుండి లోనివాడు మారును. కాలమును అడ్డముగను శబ్దములను నిలువుగను గీసిన గళ్లలో, ముగ్గునకు చుక్కలు పెట్టినట్లు దెబ్బలను పెట్టి దిద్దుకొను గ్రిడ్ ఎడిట్ వంటి సదుపాయములు, సంస్థవారి ఆజ్ఞావళిలో లేనివి, దీనితో వచ్చి చేరినవి.

అయితే, లోనివాడు మారినప్పుడు పెట్టెతో వచ్చిన మాన్యువల్ పుస్తకము పాతవాని చరిత్రగా మిగిలిపోవును. ఆరు మీటలకు తెరమీది పుటపుటకును వేరువేరు అర్థములు. పుస్తకము చెప్పినచోట ఆ పని లేదు, ఉన్నచోట పుస్తకమునకు తెలియదు. క్రొత్త సంచిక వెలువడినప్పుడెల్ల నేమి మారినదో తెలుపు చిన్న గమనికలు వెలువడుచుండెడివి గాని, అవి పూర్వమునుండి ఎరిగినవారికి పనికివచ్చునంతగా క్రొత్తవారికి పనికిరావు. మూలము చేజిక్కక టిప్పణి మాత్రము చేజిక్కిన విద్యార్థి యవస్థ యెట్టిదో, ఈ యంత్రము ముందు కూర్చున్నవాని యవస్థ యట్టిది.

అట్టి విద్యార్థినై కొన్ని మాసములు గడపిన పిమ్మట నాకు తేలిన మొదటి పాఠమిది: ఒక్కసారికి ఒక్కదానినే మార్చి, కన్ను మూసికొని వినుట. దీనికొక యుదాహరణము చెప్పెదను. టైమింగ్ కరెక్ట్ అను పుటలో స్వింగ్ అను మాట ప్రక్కన 50 అను అంకె కనబడును. అది యేమిటో చెప్పు పంక్తి నాకెచ్చటను దొరకలేదు. చప్పట్ల ధ్వని నొకదానిని తీసికొని, తాళపు దెబ్బకు నాలుగు చొప్పున సమముగా వాయించి, ఆ అంకెను 54కు, 58కి, 62కు మార్చుచు వింటిని. మొదట తడబడినట్లు తోచిన నడక, 66 చేరునప్పటికి మన చెవికి చిరపరిచితమైన త్రిశ్రగతియై ఊగజొచ్చినది. తరువాత లెక్క వేసికొనగా విషయము తేటపడినది. ఈ యంత్రము ఒక్కొక్క దెబ్బను 96 భాగములుగా విభజించును. కావున దెబ్బలో నాలుగవ వంతు 24 భాగములు, రెండు వంతుల జంట 48 భాగములు. స్వింగ్ 50 అయినచో జంటలోని రెండవ వ్రేటు సరిగా నడుమ, 24వ భాగమున బడును. 66 అయినచో సుమారు 32వ భాగమునకు, అనగా మూడింట రెండువంతుల దూరమునకు జరుగును. చతురశ్రమును త్రిశ్రమువైపు ఎంత వంచవలెనో చెప్పు కొలత అది. పుస్తకము ఒక్క వాక్యమున చెప్పదగిన దానిని చెవి ఒక సాయంకాలమంతయు తీసికొని చెప్పినది. కాని చెవి చెప్పినదానిని నేటికిని మరువలేదు.

రెండవ పాఠము నష్టముచే నేర్చితిని. ఈ పెట్టె జ్ఞాపకము విద్యుత్తు ఉన్నంతవరకే నిలుచును. కార్డు మీదికి భద్రపరుపని శబ్దము దీపముతోడనే ఆరిపోవును. ఒకనాటి రాత్రి మద్దెల దెబ్బలను నలువదింటిని ఓపికతో కోసి ప్యాడులకు కూర్చితిని, కరెంటు పోయినది, తిరిగి వచ్చునప్పటికి తెర మీద ఖాళీ తప్ప మరేమియు లేదు. నాటినుండి తెలియని మీటను తాకుటకు ముందు భద్రపరుచుట నాకు నియమమైనది. ఆ నియమమే ధైర్యమును కూడ నిచ్చినది. శబ్దమును నిజముగా ముక్కలు చేయు కోత యేది, గుర్తులు మాత్రము పెట్టి మూలమును అట్లే యుంచు కోత యేది అన్న భేదమును, కార్డు మీద ప్రతి యుండబట్టియే, నిర్భయముగా రెండింటిని చేసి చూచి తెలిసికొంటిని.

మూడవది చేతిపుస్తకము. పైన ఆజ్ఞావళి సంచిక సంఖ్య. క్రింద ఏ పుట, ఏ మీట, చెవికేమి వినబడినది అను మూడు గడులు. సంఖ్య వేయని గమనిక తరువాతి సంచికలో అబద్ధము కావచ్చును గనుక ఆ మొదటి పంక్తిని ఎన్నడును విడువరాదు. ఇట్లు నింపిన పుటలు ఇరువది దాటునప్పటికి, నాకు దొరకని గ్రంథము నా చేతిలోనే తయారగుచున్నదని గ్రహించితిని.

గురువు దొరకనివాడు చెవిని గురువుగా జేసికొనవచ్చును. కాని తాను నేర్చినదానిని వ్రాయక దాచుకొన్నచో, తరువాతివాడు మరల మొదటి మీటనుండి ప్రారంభింపవలసివచ్చును. ఎం.పి.సి. 1000 తయారీ ఆగిపోయి చాలకాలమైనది. దానిని, దానివంటి యంత్రములను ఎరిగినవారు నానాటికి తగ్గుచున్నారు. తెలుగునాట ఇంటిలోనో స్టూడియోలోనో ఇట్టి పెట్టెను లొంగదీసికొన్న యువకులారా, యువతులారా! మీకు తెలిసినది ఒక్క పుటయే యైనను సరే, తేట తెలుగున వ్రాసి, సంచిక సంఖ్య వేసి, పదుగురికి అందుబాటులో నుంచుడు.