దిగులు – నొప్పి – యోగాభ్యాసము

దెబ్బ ఎంత పెద్దదైన నొప్పి అంత అధికమనుట లోకము నమ్మిన మాట. రెండవ ప్రపంచ యుద్ధములో ఇటలీ రంగమున పనిచేసిన హెన్రీ బీచర్ అను అమెరికా వైద్యుడు ఈ మాటను పరీక్షించెను. తీవ్రముగా గాయపడిన 215 మంది సైనికులను ప్రశ్నింపగా, వారిలో ఇంచుమించు నాలుగింట మూడువంతుల మంది నొప్పి తగ్గించు మందు అక్కరలేదనిరి. 1946లో ఆయన ఈ విషయమును ప్రకటించెను. పిమ్మట శస్త్రచికిత్స పొందిన సామాన్య పౌరులతో పోల్చి చూడగా, గాయము అంతకన్న చిన్నదైనను వారిలో ఎక్కువమంది మందు కోరిరి. సైనికునికి గాయమనగా ప్రాణములతో రణరంగమును దాటుట. పౌరునికి అదే ఉద్యోగము, సంసారము, రేపటి దినమును గూర్చిన దిగులు. భేదమునకు కారణమిదియే యని బీచర్ తలంచెను.

ఇది ఎట్లు జరుగును? కాలికి ముల్లు గుచ్చుకొన్నచో ఆ వార్త నాడులగుండ వెన్నుపామును చేరి, అచ్చటినుండి మెదడునకు పోవును. కాని వెన్నుపాము వట్టి తంతితీగ కాదు. వచ్చిన వార్తలలో కొన్నిటిని పోనిచ్చి కొన్నిటిని ఆపు ద్వారమువంటి ఏర్పాటు అందు కలదని 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. వారు చెప్పిన వివరములు తరువాత కొంత మారినవి గాని, మూలభావము నిలిచినది. మెదడునుండి క్రిందికి దిగు నాడులు ఈ ద్వారమును మూయగలవు, తెరువను గలవు. మూయుటకు తోడ్పడు, నల్లమందు గుణముగల పదార్థములు మెదడులోనే పుట్టుచున్నవని 1975లో తెలిసినది.

ఇచ్చట ఒక చిత్రము గలదు. ఎదుట పులి నిలిచినప్పటి భయము నొప్పిని అణచును. ‘ఈ నొప్పి ఏమగునో’ యను దిగులు మాత్రము దానిని పెంచును. దిగులుపడువాని ధ్యాస యంతయు నొప్పిమీదనే యుండును, కండరములు బిగిసికొనును, నిద్ర చెడును. నడుము పట్టినవాడు వంగిన ఏమి విరుగునో యని వంగుట మానును. కదలిక లేక కండరములు నీరసించును. పిమ్మట కొంచెము వంగినను నొప్పియే. ఇట్టివానితో ‘అంతయు నీ భ్రమ’ యనుట అన్యాయము. ద్వారము తెరచినది దిగులైనను, లోనికి వచ్చిన నొప్పి నిజమైన నొప్పియే.

యోగాభ్యాసము ఈ గొలుసును రెండుమూడు చోట్ల పట్టుకొనును. నిశ్వాసమును దీర్ఘము చేసి నెమ్మదిగా ఊపిరి విడిచినచో, వేగస్ అను నాడి మూలమున గుండె వేగము తగ్గును. శవాసనమున కండరముల బిగువు సడలును. అన్నిటికన్న ముఖ్యమైనది, భయపడి మానిన కదలికను కొద్దికొద్దిగా మరల చేసి చూచుట. వంగినను ఏమియు విరుగలేదని శరీరమే తెలిసికొనును.

ఫలితమును మాత్రము పెంచి చెప్పరాదు. బహుకాలముగా నడుమునొప్పి గలవారిపై జరిగిన 21 పరీక్షలను 2022లో కాక్రేన్ సంస్థ సమీక్షించినది. వ్యాయామమేమియు చేయనివారికన్న యోగము చేసినవారికి నొప్పి కొంత తగ్గినది, పనిచేయు శక్తి కొంత పెరిగినది. ఇతర వ్యాయామములతో పోల్చినచో భేదము స్వల్పము. కొందరికి నొప్పి పెరుగుటయు జరిగినది. కావున పట్టుపట్టి శరీరమును మెలిపెట్టు ఆసనములకన్న సులభమైనవే మేలు. నడుమునొప్పితో జ్వరము వచ్చినను, కాళ్లు పట్టుదప్పినను, మూత్రము ఆగిపోయినను ఆసనములతో కాలయాపన చేయక ఆనాడే వైద్యుని చూడవలెను.