సినిమా ఫోటోకార్డులు – వానిని కాపాడు విధము

పండుగకు ముందు ఇల్లు సర్దునపుడు పనికి వచ్చునవి, రానివి యని వస్తువులను రెండు కుప్పలు చేయుట మన కందరకు నలవాటే. ఇత్తడి బిందె చొట్టపడినను బేరమాడనిదే యీయము. కాని అత్తగారి పెట్టె యడుగున బడియున్న నాలుగు సినిమా ఫోటోకార్డులను, అట్ట యూడిన పాటల పుస్తకమును మాత్రము పాత కాగితములతో కలిపి తూకమున వేయించుచున్నాము. ఆ కాగితములలో నొకటి, నేడు మఱెచ్చటను కానరాని చిత్రమునకు మిగిలిన సాక్ష్యము కావచ్చును. అందుచేత నీ మాసము వానిని గుఱించి కొంత ముచ్చటింప దలచితిమి.

తెలుగున మొదటి టాకీయైన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయ్యెను. దర్శకులు హెచ్. ఎం. రెడ్డిగారు. లీలావతి వేషము ధరించినది సురభి కమలాబాయిగారు. స్త్రీలు తెర యెక్కుటకే జంకుచున్న దినములలో నామె చేసిన సాహసము సామాన్యము కాదు. కాని ఆ చిత్రమును చూతమన్న నేడు ప్రతి దొరకదు. అంతకు ముందరి మూగచిత్రముల గతి యింకను దయనీయము. మన దేశమున వేయికి మించి మూగచిత్రములు తయారుకాగా, వానిలో మిగిలినవి బహు స్వల్పము.

ఇట్లేల జరిగినది? ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేయబడినది. నిప్పురవ్వ తగిలిన భగ్గుమనును, వేడికి, తేమకు తనంతట తానే చివికిపోవును. పైగా ఆట ముగిసిన చిత్రమును దాచుట దండుగ యని తలచి, అందలి వెండి కొఱకు ఫిల్ములను కరగించిన వారును గలరు. 1964లో పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారము స్థాపింపబడినది గాని, అప్పటికే పెక్కు చిత్రములు నశించెను. ఆ భాండాగారము వారు ఫిల్ములనే గాక ఫోటోలను, పాటల పుస్తకములను, గోడ పత్రికలను గూడ సేకరించుట గమనింపదగినది. చిత్రము పోయినచో దాని రూపు తెలియుటకు ఆధారములు ఇవియే గదా!

ఈ ఫోటోలు ఫిల్మునుండి కత్తిరించినవని పలువురు భావింతురు. అది నిజము కాదు. ఒక దృశ్యమును చిత్రీకరించిన పిమ్మట వేఱొక ఛాయాగ్రాహకుడు తన పెట్టెను నిలిపి, నటీనటులను మరల నదే భంగిమలో నిలువుమని పటము తీసెడివాడు. అందుకే చలించు చిత్రమున మసకగా దోచు కాసులపేరు, జడకుచ్చులు ఇందు స్పష్టముగ గనబడును. ఈ పటములలో కొన్ని సినిమాహాలు ముంగిట అద్దాల బీరువాల కెక్కెడివి. కొన్ని పత్రికలకు పోయెడివి. కొన్ని ఐదున్నర యంగుళముల పొడవు, మూడున్నర యంగుళముల వెడల్పుగల పోస్టుకార్డు కాగితముపై అచ్చొత్తబడి అమ్మకమునకు వచ్చెడివి. బెర్లినులో ‘రాస్’ వారు, లండనులో ‘పిక్చర్‌గోయర్’ పత్రికవారు ఇట్టి కార్డులను విరివిగా వెలువరించిరి. మనదేశమునను తారల కార్డులు అంగళ్లలో దొరకెడివి. అభిమానులు జాబు వ్రాసినచో కొందఱు నటులు తమ చేవ్రాలుతో పంపెడివారు.

ఇక మన వికారాబాదు, తాండూరుల మాట. తెలుగు చిత్రములు చాలకాలము మద్రాసున తయారయ్యెడివి. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో వేసిన రైలు దారి ఈ రెండూళ్లమీదుగనే పోవుచున్నది. ఆ దారి వెంట జాబులతో బాటు బొమ్మల కార్డులు గూడ వచ్చుట సహజమే. మీ యింట నట్టి కార్డున్నచో బొమ్మ చూచి త్రిప్పి పెట్టివేయకుడు, వెనుకవైపు చదువుడు. చిరునామాలో ‘తాండూరు, గుల్బర్గా జిల్లా’ యని యున్నచో, ఆ కార్డు బహుశః 1956 నవంబరునకు ముందుదై యుండును. ఏలయన రాష్ట్రముల పునర్విభజన వఱకు తాండూరు తాలూకా ఆ జిల్లాలోనిదే. నిజాం తపాలా బిళ్ల యున్నచో 1950కి ముందటిది. ఆ యేటనే ఆ ప్రత్యేక తపాలా దేశపు తపాలాలో కలిసినది. పాటల పుస్తకముపై వెల అణాలలో నున్నచో, అది నయాపైసలు వచ్చిన 1957 ప్రాంతమునకు పూర్వపుదని యూహింపవచ్చును. పిన్‌కోడు కొఱకు గళ్లు అచ్చువేసిన కార్డు మాత్రము 1972కు తరువాతిదే. అది 1940 నాటిదని యెవరైన నమ్మించి అమ్మజూచినచో మోసపోకుడు.

అసలు ఫోటోకును అచ్చు బొమ్మకును భేదము తెలిసికొనుట తేలిక. చిన్న భూతద్దముతో ముఖభాగమును చూడుడు. సన్నని చుక్కలు వరుసగా గనబడినచో అది ముద్రణ యంత్రమున అచ్చయినది. చుక్కలు లేక నీడలు మెత్తగా నొకదానిలో నొకటి కలిసినచో అది నిజమైన ఫోటో. నల్లని భాగములందు, అంచులందు వెండి పూత వలె మెరపు కనబడుట పాతదనమునకు గుఱుతు. కొన్ని కార్డులకు చేతితో రంగులు వేసెడివారు. ఆ రంగులు వేసినవాని యభిరుచిని దెలుపునే గాని, కాంచనమాల గట్టిన చీర నిజముగ నే రంగుదో తెలుపజాలవు. అంచు వెడల్పు, రవికె చేతులు, నగల తీరు, కొప్పు ముడి మాత్రము నమ్మదగినవే. పాత్రకొఱకు తొడిగినవైనను, అవి ఆనాటి చేతిపనికి చిత్తరువులు.

కాపాడు విధమును ముఖ్యముగ జెప్పవలెను. ఫోటోపై నుండునది సరేసు పొర; అది తేమను పీల్చును, అద్దమున కదిమి పెట్టినచో దానికే యంటుకొనును. తాండూరు నాపరాతి గచ్చు కాళ్లకు చల్లన. కాని ప్రతిదినము తడిగుడ్డతో తుడుచు గచ్చుపై పెట్టె యుంచినచో, అడుగున జేరిన చెమ్మ కార్డుల కెక్కును. పెట్టెను పీటపైనో, అటకపై గాక గది లోపలి బీరువాలోనో యుంచుడు. అటకపై వేసవి వేడి మెండు. వేపాకులు పురుగులను తఱుమునన్నది నిజమే యైనను, కార్డుల నడుమ నుంచిన మరకలు పడును. మైదాపిండి జిగురుతో ఆల్బమునకు అంటింపరాదు. పురుగులకు విందు పెట్టినట్లగును. నాలుగు మూలలు కాగితపు చెక్కులలో దూర్చిన చాలును. పసుపు చేతులతో, నూనె చేతులతో ముట్టక, కడిగి తుడుచుకొన్న చేతులతో అంచులనే పట్టుకొనవలెను. తపాలా బిళ్లకై యాశపడి కార్డును ఆవిరి పట్టుట మహాపరాధము. బిళ్లయు, ముద్రయు, జాబును, బొమ్మయు కలిసియుండుటయే దాని విలువ.

వీనికన్నిటికంటె త్వరపడవలసిన పని యొకటి గలదు. కార్డుపై పేరు లేకున్నచో, ఆ తార యెవరో, చిత్ర మేదో చెప్పగలవారు మన యిండ్ల పెద్దలే. కన్నాంబను, భానుమతిని మన మిప్పటికిని గుఱుతుపట్టుదుము. వారి ప్రక్క చెలికత్తెగా నిలిచిన పిల్ల యెవరు? ఆమె పేరు వినువారు లేక, చెప్పువారును తరలిపోవుచున్నారు. ఇట్టి స్త్రీలు పదిమంది యాక్షేపణను సహించి తెరకు వచ్చిరి. వారి శ్రమకు మిగిలిన గుఱుతు ఒక్కొక్కచో నీ కాగితపు ముక్కయే. కావున కార్డును మామ్మగారి చేతిలో బెట్టి యడుగుడు. చెప్పినదానిని సిరాతో గాక మెత్తని పెన్సిలుతో, ఒత్తక, వెనుక నంచున వ్రాయుడు. ఎవరు చెప్పిరో, ఏ తేదీన జెప్పిరో గూడ చేర్చుడు. సందేహమున్నచో ‘కావచ్చును’ అని వ్రాయుడు. ఊహను నిజముగ వ్రాసినచో తరువాతివారిని దారి తప్పించినట్లగును.

సేకరణకు ధనము మెండుగ కావలెనని యెంచకుడు. వెల పెట్టి నూరు కార్డులు కొనుటకంటె, మీ యింటనున్న నాలుగింటికి పేరులు, తేదీలు కుదిర్చి యుంచుట మేలు. ప్రక్కయింటివారు పారవేయబోవు పాటల పుస్తకమును అడిగి పుచ్చుకొనుటకు సిగ్గేల? రెండు ప్రతులున్నచో నొకటి మీ యూరి గ్రంథాలయమున కిచ్చిన మఱియు మంచిది. మన తల్లులు చూచి యానందించిన బొమ్మలను మన కుమార్తెలు గుఱుతుపట్టగలుగుట కింతకంటె సులభమైన యుపాయము మాకు తోచుట లేదు. రాబోవు పండుగ శుభ్రములలో, పాత కాగితములవాడు తక్కెడ యెత్తకముందే, పెట్టె యడుగు నొక్కసారి చూచుకొనుడు.