చిరునామా లేని పడవవాళ్లు

గోదావరి డెల్టాలో పెరిగినవారికి లాకులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం మన కాలువలు పొలాలకు నీళ్లూ ఇచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. కాటన్ దొర పుట్టిన ఇంగ్లండులో మాత్రం కాలువలు తవ్వింది ముఖ్యంగా సరుకుల రవాణా కోసమే. బొగ్గు, ఇనుము, పింగాణీ మట్టి వాటి మీదే కదిలాయి. ఆ సరుకు మోసిన కుటుంబాల సంగతి మన విశ్వాసులకు పెద్దగా తెలియదు. తెలుసుకోదగిన సంగతి అది.

జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు, ఖర్చూ నీళ్లూ కలిసివస్తాయని లాకులను 7 అడుగుల వెడల్పుతోనే కట్టించాడు. ఆయన మొదలుపెట్టిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ, ఆయన చనిపోయాక 1777లో పూర్తయింది. లాకు ఇరుకైతే పడవా ఇరుకే కదా! అలా పుట్టిందే నేరోబోటు. పొడవు దాదాపు 70 అడుగులు, వెడల్పు 7 అడుగుల లోపే. గట్టు మీద గుర్రం తాడుతో లాగేది. చాలా సొరంగాల్లో గుర్రం నడిచే దారి ఉండేది కాదు. దాన్ని కొండ మీదుగా తోలి, మగవాళ్లు పలక మీద వెల్లకిలా పడుకుని, గోడలను కాళ్లతో తన్నుతూ పడవను ముందుకు నడిపేవారు. స్టాండెడ్జ్ సొరంగం 5 కిలోమీటర్లకు పైమాటే. ఆ చీకట్లో ఎన్ని గంటలు తన్నాలో ఊహించండి.

తర్వాత రైళ్లు వచ్చాయి. కిరాయిలు పడిపోయాయి. కూలివాణ్ణి పెట్టుకునే స్తోమత పోయి, ఒడ్డున ఇంటి అద్దె కూడా భారమై, ఎంతోమంది పడవవాళ్లు భార్యాబిడ్డలను పడవ ఎక్కించారు. వెనక వైపు పదడుగుల గది. అందులోనే పొయ్యి, మడిచే బల్ల, మడిచే మంచం, పురుళ్లు, చావులు. అంత ఇరుకులోనూ ఆ ఇల్లాళ్లు ఇత్తడి సామాను తళతళా తోమేవారు. తలుపుల మీద గులాబీలు, కోటల బొమ్మలు ఉండేవి. పేదరికం వేరు, అశుభ్రత వేరు అని ఆ గదులు చెబుతాయి.

ఈ పిల్లలకు బడి లేదు. నేడు ఒక ఊరు, రేపు మరో ఊరు. ఏ బడి రిజిస్టరులోనూ పేరుండదు, ఏ సంఘం లెక్కలోనూ ఉండరు. సంఘం తన గుమ్మం తెరిచి కూర్చుంటే వీళ్లు రారు, రాలేరు. సీమోను పడవలో కూర్చుని బోధించిన ప్రభువు (లూకా 5:3) పద్ధతి కొందరికి గుర్తొచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో 1839లో ఒక బొగ్గు వ్యాపారి ఇచ్చిన పడవనే పడవవాళ్లకు ప్రార్థనాలయంగా మార్చారు. అది 1868లో మునిగిపోయేదాకా పనిచేసింది.

కోల్‌విల్‌కు చెందిన జార్జ్ స్మిత్ భారం ఇంకా పెద్దది. 1831లో పుట్టిన ఈ మెథడిస్టు విశ్వాసి, తొమ్మిదో ఏటే ఇటుకల బట్టీలో రోజుకు 13 గంటలు తలమీద మట్టి మోశాడు. పెద్దయ్యాక బట్టీ మేనేజరై, బట్టీ పిల్లల కోసం పోరాడి 1871లో చట్టం తెప్పించాడు. మరుసటి ఏడే ఆయన ఉద్యోగం పోయింది. అయినా ఊరుకోలేదు, పడవల్లోని పిల్లల వైపు తిరిగాడు. 1877లో కాలువ పడవల చట్టం వచ్చింది. ప్రతి పడవా రిజిస్టరు కావాలి, గదిలో ఎంతమంది నిద్రపోవచ్చో లెక్క ఉండాలి, పడవ ఏ ఊళ్లో నమోదైతే పిల్లలు ఆ ఊరి బడికి చెందుతారు. తనిఖీలు చాలక 1884లో దాన్ని బిగించారు. అయినా కదిలే పడవలోని బిడ్డ కదలని బడికి వెళ్లేదెలా? చాలామంది నిరక్షరాస్యులుగానే మిగిలారు.

ఇక్కడొక మాట చెప్పాలి. పార్లమెంటును కదిలించాలన్న తొందరలో స్మిత్ పడవవాళ్లను తాగుబోతులుగా, నీతిలేనివారిగా చిత్రించాడు. అందులో అతిశయోక్తి ఉందని తర్వాతి చరిత్రకారులు చూపారు. పడవవాళ్లూ నొచ్చుకున్నారు. మన మిషనరీ నివేదికల్లోనూ ఈ తెగులు లేకపోలేదు! స్మిత్ త్యాగం గొప్పదే. కానీ సాయం అందుకునేవాడి పరువు తీసి తెచ్చిన సాయం అతనికి చేదుగానే ఉంటుంది.

స్టోక్ బ్రూర్న్ లాకుల దగ్గర సిస్టర్ మేరీ వార్డ్ దారి వేరు. తన ఇంటినే వైద్యశాలగా చేసి, 1962 వరకు పడవ కుటుంబాలకు కట్లు కట్టింది, పురుళ్లు పోసింది. 1951లో బ్రిటిష్ ప్రభుత్వం పతకమిచ్చి గౌరవించింది. ఆమె పనిచేసిన చివరి రోజుల్లోనే పడవల రవాణా కూడా ముగింపుకొచ్చింది. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టాయి, ఆ దెబ్బనుండి అది మళ్లీ కోలుకోలేదు.

నేరోబోట్లు మాత్రం పోలేదు. కొందరికి విహారం, ఇళ్ల ధరలు అందని మరికొందరికి ఇల్లే అది. 1995 చట్టం ప్రకారం సొంత లంగరు చోటు లేనివారు సాధారణంగా ఒకేచోట 14 రోజులకు మించి ఆగకూడదు. మళ్లీ అదే చిక్కు: బడి, డాక్టరు, ప్రభుత్వ సాయం, అన్నీ చిరునామా అడుగుతాయి. వాటర్‌వేస్ చాప్లిన్సీ అనే క్రైస్తవ పరిచర్యవారు ఇప్పుడు ఆ గట్ల వెంట నడుస్తూ పడవవాళ్లను పలకరిస్తున్నారు. ఏ మతమని అడగరు. అవసరమైనవాళ్లతో కూర్చుని ఫారాలు నింపిపెడతారు.