భిలాయ్ ఉక్కు సిద్ధం, నౌకల నిర్మాణానికే జాప్యం

భిలాయ్: సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని ఈ ఉక్కు నగరంలో తయారైన ప్లేట్లు నేడు భారత యుద్ధనౌకలకు అడుగుభాగాలుగా, గోడలుగా మారుతున్నాయి. అయితే సైన్యాన్ని, ట్యాంకులను తీరానికి చేర్చే డాక్ తరహా భారీ ఉభయచర నౌకను మాత్రం దేశం ఇంతవరకు సొంతంగా నిర్మించుకోలేదు.

సోవియట్ సహకారంతో నెలకొన్న భిలాయ్ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. యుద్ధనౌకల ఉక్కు కోసం భారత్ చాలాకాలం రష్యాపై ఆధారపడింది. ఆ సరఫరా సకాలంలో అందకపోవడంతో హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డి.ఎం.ఆర్. 249 శ్రేణి ఉక్కును రూపొందించగా, 'సెయిల్' దానిని ఉత్పత్తి చేసింది. అతిశీతల స్థితిలోనూ పెళుసుబారకుండా దెబ్బను తట్టుకోవడం ఈ ఉక్కు ప్రత్యేకత. 2022 సెప్టెంబర్ 2న విధుల్లో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు భిలాయ్, బొకారో, రూర్కెలా కర్మాగారాల నుంచి సుమారు 30 వేల టన్నుల ఉక్కు అందింది. విశాఖ ఉక్కు కర్మాగారం ప్రధానంగా కడ్డీలు, తీగచుట్టలు ఉత్పత్తి చేస్తుంది. నౌకలకు అవసరమైన వెడల్పు ప్లేట్లు భిలాయ్ వంటి కేంద్రాల నుంచే రావాలి.

ఉభయచర నౌకల నిర్మాణం మనకు పూర్తిగా కొత్త కాదు. ముందుభాగంలోని తలుపులు తెరిచి ట్యాంకులను నేరుగా ఇసుకపైకి దించే ఘరియాల్ నౌక 1991లో విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో జలప్రవేశం చేసి, 1997లో నౌకాదళంలో చేరింది. డాక్ తరహా నౌక పద్ధతి వేరు. అది తీరానికి దూరంగానే ఆగి, వెనుక భాగంలోని డాక్‌లోకి నీరు నింపుకొని, లోపలి చిన్న పడవలను బయటకు పంపుతుంది.

నౌకాదళం వద్ద ఇటువంటిది ఒక్కటే ఉంది. విశాఖ కేంద్రంగా పనిచేసే జలాశ్వ 1971లో అమెరికా నౌకాదళంలో 'ట్రెంటన్' పేరుతో చేరింది. సుమారు 16,900 టన్నుల ఈ ఆవిరి టర్బైన్ నౌకను 2007లో భారత్ దాదాపు 4.8 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 2020 మే నెలలో మాల్దీవుల నుంచి 698 మంది భారతీయులను కొచ్చికి చేర్చింది ఈ నౌకే. అయితే అమెరికాలో ఈ తరగతికి చెందిన చివరి నౌక 'పోన్స్' 2017లోనే విధుల నుంచి వైదొలగింది. తయారుచేసిన దేశమే వాడకం మానేసిన నౌకకు బాయిలర్లు, పంపులు, కవాటాల విడిభాగాలు సమకూర్చుకోవడం ఏటేటా కష్టతరమవుతుంది. పాత నిల్వల్లో వెతుక్కోవాలి, లేదా నమూనా చూసి ఇక్కడే చేయించుకోవాలి.

ఈ లోటు తీర్చేందుకు నాలుగు నౌకల కోసం 2013లో పిలిచిన టెండర్లు పలుమార్లు వాయిదా పడి, చివరకు 2020లో రద్దయ్యాయి. 2021లో మరల సంస్థల నుంచి సమాచారం కోరారు. 2025 అక్టోబర్ 23న రక్షణ సేకరణ మండలి వీటి అవసరాన్ని ఆమోదించింది. ఇది తొలి మెట్టు మాత్రమే. నిర్మాణ ఒప్పందం, నమూనా ఖరారు, కీల్ వేయడం వంటి దశలన్నీ దాని తరువాతివే.

ఉక్కు విషయంలో పరాధీనత తొలగింది. నౌక నమూనాతోపాటే దాని జీవితకాలానికి సరిపడే విడిభాగాల తయారీకి కూడా ఇక్కడే ఏర్పాటు జరిగితేనే జలాశ్వ అనుభవం పునరావృతం కాకుండా ఉంటుంది.