వృద్ధులైన తలిదండ్రులకు టార్చిలైటు

ఏటేట క్రిస్మసు సెలవులకు ముందు పెద్దతరగతుల విద్యార్థులు కొందఱు మాయొద్దకు వచ్చి, ఇంటికి ఏమి కొనిపోవుదుమని యడుగుచుందురు. అమ్మకు చీర, నాన్నకు పంచె యనుట సులభమైన ప్రత్యుత్తరమే. అయినను తాతయు అవ్వయు నున్న యింటి పిల్లలకును, వృద్ధులైన తలిదండ్రులు గల మిత్రులకును కొంతకాలముగా మేము ఒక టార్చిలైటు కొనుడని చెప్పుచున్నాము. పల్లెలలో దీనినే బ్యాటరీ లైటందురు. ఇంత స్వల్పవస్తువునకు సలహా యెందులకని నవ్వువారు కలరు. ఈ స్వల్పవస్తువును ఎన్నుటలోనే మేమొకప్పుడు పొరపడితిమి గావున ఆ సంగతి ముందు చెప్పుట న్యాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తల్లిగారికి పట్టణమునుండి మిక్కిలి కాంతిగల లైటొకటి కొనిపోయితిమి. దానికున్నది ఒకే మీట. ఒకసారి నొక్కిన పెద్దవెలుగు, మఱల నొక్కిన చిన్నవెలుగు, మూడవసారి మినుకుమినుకు. కొంతసేపు నొక్కిపట్టినగాని ఆఱదు. అంగడిలో నిలుచుండి దానిని నొక్కుచు మేమెంతయో సంతోషించితిమి. తల్లిగారు రెండు రాత్రులు దానితో పెనగి, పాడుచేయుదునేమో యను వెఱపుతో మూడవనాడు గుడ్డలో చుట్టి పెట్టెలో దాచిరి. వానకాలమున కరెంటు లేని యొక రాత్రి దొడ్డివైపు పోవుచు వసారా మెట్టు కానక పడిపోయిరి. తుంటియెముక విఱిగెను. ఆమె మఱల కఱ్ఱ పట్టుకొని నడచుటకు 8 నెలలు పట్టినది. లైటు పెట్టెలోనే యున్నది. తీసి చూడగా దానిలో ఛార్జింగు సహితము లేదు.

ముసలికన్ను వయసుకన్ను వంటిది కాదని మేము అప్పుడు ఆలోచింపలేదు. వయస్సు మీఱినకొలది చీకటిలో కంటిపాప చాలినంత విప్పారదు. లోపలి కటకము దళసరియై పసుపువన్నెకు తిరుగును. ఈ రెండు కారణములచేత 20 ఏండ్ల కంటిలోపలికి చేరు కాంతిలో ఇంచుమించు మూడవవంతే 60 ఏండ్ల కంటికి చేరునని నేత్రశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వెలుతురునుండి చీకటిలోనికి వచ్చినప్పుడు చూపు కుదురుటకును వారికి ఎక్కువ సమయము పట్టును. అట్లయిన అందఱికంటె పెద్దవెలుగు కొనవలెనా యన్నచో, అదియు పొరపాటే. శుక్లములు మొదలిడిన కంటిలో తీక్ష్ణమైన కాంతి చెదరి, తెల్లగోడపై పడి తిరిగివచ్చి, ఉన్న చూపును కూడ కప్పివేయును. కావున మితమైన వెలుగు, వెడల్పుగా నేలపై పఱచుకొను వెలుగు కావలయును.

పెట్టెమీద ముద్రించిన యంకెలనుగూర్చి ఒక్కమాట. వెలుగు పరిమాణమును లూమెనులలో చెప్పుదురు. ఒక క్రొవ్వొత్తి ఇచ్చునది సుమారు 12 లూమెనులు. ఇంటికిని దొడ్డికిని 50 మొదలు 100 లూమెనులు చాలును. ‘200 మీటర్ల దూరము’ అని వ్రాసినచో ఆ దూరమున సూది కనబడునని భ్రమపడరాదు. 2009లో ఏర్పడిన అమెరికా ప్రమాణము ననుసరించి, వెలుగు పావు లక్సునకు తగ్గు చోటివఱకు దూరముగా లెక్కింతురు. అది పున్నమివెన్నెలపాటి వెలుగు మాత్రమే. ఆవలి తాటిచెట్టు కనబడుటవలన అవ్వకేమి ప్రయోజనము? ఆమెకు కావలసినది ముందున్న నాలుగడుగుల నేల.

ఆ నాలుగడుగులలో మెట్టు మాత్రమే కాదు, పురుగుపుట్రయు నుండును. కట్లపాము రాత్రివేళ సంచరించునది. రక్తపింజరియు పొద్దుగ్రుంకిన పిమ్మట తిరుగును. 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధనము 2000 మొదలు 2019 వఱకు మనదేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది మరణించిరని అంచనా వేసినది. వీరిలో సగముమంది జూను మొదలు సెప్టెంబరు వఱకు గల వానకాలమున చనిపోయినవారే. తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశము ఈ మరణములు అధికముగానున్న రాష్ట్రములలో నొకటి. చేతిలో వెలుగు, కాలికి చెప్పు, ఇవి రెండును కలిసి యుండవలెను.

ఇక మీట. ఇదియే అన్నింటికంటె ముఖ్యమని మా యభిప్రాయము. ముందుకు త్రోసిన వెలుగు, వెనుకకు లాగిన చీకటి. ఇంతకుమించి ఏ విద్యయు దానికి రాకూడదు. ఇట్టి మీట వెలిగియున్నదో లేదో బొటనవ్రేలికే తెలియును. కీళ్లవాతముచే వ్రేళ్లు బిగిసినవారికి గట్టి రబ్బరు బొత్తాము నొక్కుట కష్టము. అంగడిలో కన్నులు మూసికొని లైటును చేతబట్టి వెలిగించి చూడుడు. వెదకవలసి వచ్చినచో దానిని అచటనే విడిచిరండు. అంగడివాడు ఏమనుకొన్నను సరియే.

1866లో ఫ్రాన్సు దేశీయుడగు లెక్లాంషే తడిసెల్లును నిర్మించెను. 1886లో జర్మను వైద్యుడు గాస్నరు దానిని ఒలికిపోని పొడిసెల్లుగా మార్చెను. 1899లో మిసెల్ అను నాతడు అమెరికాలో గొట్టపుదీపమునకు పేటెంటు పొందెను. ఆనాటి సెల్లులు బలహీనములగుటచే దీపము క్షణకాలము మెఱసి విశ్రమింపవలసి వచ్చెడిది. ఆంగ్లమున ‘ఫ్లాష్ లైటు’ అను పేరు అందువలననే కలిగినది. తీగెబల్బు విద్యుత్తులో అధికభాగమును వేడిగా వ్యయపఱచును. నీలికాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించిన జపానుదేశపు శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెలు బహుమానము లభించినది. తెల్లని ఎల్.ఇ.డి. దీపము ఆ నీలికాంతినుండి పుట్టినదే. నేడు రెండు పెన్సిలు సెల్లులతో వెలుగు చిన్నలైటు చాలరాత్రులు పనిచేయుట దానివలననే.

ఛార్జింగు లైటులు వలదా యని యడుగవచ్చును. వారమువారము జ్ఞాపకముంచుకొని ప్లగ్గులో పెట్టు మనుమరాలున్న యింటికి అవి మేలే. వృద్ధదంపతు లొంటరిగా నుండు నింట, కరెంటు పోవుటయు ఛార్జింగు అయిపోవుటయు ఒకే రాత్రి సంభవించును. సీసపు బ్యాటరీ గలది ఖాళీగా నెలలతరబడి పడియున్నచో మఱల ఛార్జింగు పట్టదు. కాబట్టి వారి వీధిలోని కిరాణా కొట్టులో ఏ సెల్లులు దొరకునో ముందు విచారించి, ఆ సెల్లులతో వెలుగు లైటునే కొనుడు. బొత్తాము సెల్లులు గలవానిని మాత్రము చిన్నపిల్లలున్న యింటికి తేవలదు. బిడ్డ దానిని మ్రింగినచో రెండుగంటలలోనే అన్ననాళము కాలి పుండుపడవచ్చును. పాతసెల్లును క్రొత్తదానితో జతపఱుపరాదు. సామాన్యపు సెల్లునకు పైతొడుగైన జింకే లోపల కరగి విద్యుత్తు నిచ్చును; తొడుగు చిల్లిపడిన ద్రవము కారి లైటును చెఱచును.

సెల్‌ఫోనుండగా వేఱు లైటేల యనువారికి మా యుత్తరము చిన్నది. అద్దముపై వ్రేలుజార్చి బొమ్మను వెదకుట అర్ధరాత్రి లేచిన ముసలివారి పనికాదు. పడిపోయినప్పుడు పిలుచుటకు ఆ ఫోనులో ఛార్జింగు మిగిలియుండవలెను గదా!

ఇట్టి సామాన్యమైన లైటు 300 రూపాయలలోపుననే దొరకును. ఎఱుపో పసుపో రంగుగలది, దొర్లిపోనిది, వ్రేలాడదీయుటకు నాడా గలది కొనుడు. కొనియిచ్చి చేతులు దులుపుకొనవలదు. సెల్లులు వేసి, మంచము ప్రక్కన చేతికందు ఎత్తున మేకు కొట్టి, దానికి తగిలింపుడు. ఒకరాత్రి దీపములన్నియు ఆర్పి, మంచమునుండి దొడ్డివఱకు వారిని నడువనిచ్చి మీరు వెంట నడువుడు. వేఱొక జత సెల్లులు కూడ ఇంట నుంచుడు. పదిమంది కన్యకల యుపమానము నెఱిగిన మన బడిపిల్లలకు ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు.

మా తల్లిగారి మంచముకడ ఇప్పుడు ఎఱ్ఱలైటు వ్రేలాడుచున్నది. జూనునెలలో వానలకు ముందు సెల్లులు మార్చుచున్నాము. గడచిన డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధనకు పోవునప్పుడు వీధిదీపములు లేవు. ఒకచేత కఱ్ఱయు ఒకచేత లైటును పట్టుకొని ఆమె ముందు నడచిరి. మేము ఆ వెలుగులో వెనుక నడచితిమి.