కొన్నదా, కౌలుకు తీసుకొన్నదా?

మొన్న దసరా సెలవులలో నా పూర్వవిద్యార్థి ఒకడు మా యింటికి వచ్చినాడు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కుశలప్రశ్నలు ముగిసిన తరువాత సంచిలోనుంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకమొకటి తీసి బల్లమీద పెట్టినాడు. గట్టి అట్ట, మూడువందల పైచిలుకు పుటలు, ఎక్కడ తెరచినా రంగుల బొమ్మలు.

"ఇదేమి పురాణమోయ్?" అన్నాను.

"పురాణం కాదు మాస్టారూ, ఆట" అన్నాడు.

ఆటకింత గ్రంథమా అని నాకు ఆశ్చర్యం కలిగినది. అతడు ఓపికగా వివరించినాడు. నలుగురైదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. అందులో ఒకడు సూత్రధారి. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఇంకొకడు దొంగ. "మీరు గుహద్వారం వద్దకు వచ్చినారు, లోపల ఏదో కదలిక వినబడుతున్నది, ఏమి చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. ఎవరికి తోచిన సాహసం వారు చెబుతారు. అది ఫలించినదీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఏ పాత్రకు ఎంత బలం, ఏ మంత్రానికి ఏమి ఫలం అన్న నిబంధనలన్నీ ఈ పుస్తకంలో ఉంటాయి. ఒక్కొక్క కథ ఏళ్ల తరబడి సాగుతుందట. ఈ అబ్బాయి బృందం మూడేళ్లుగా ప్రతి శనివారం రాత్రి ఒకే కథ ఆడుతున్నది.

నాటకమంటే ప్రీతి గలవాడిని కాబట్టి, "ఇది నా దగ్గర ఉంచిపో, చదివి ఇస్తాను" అన్నాను. సంతోషంగా ఉంచినాడు. "దీనికి తరువాయి సంపుటం ఉన్నదన్నావే, అదీ ఇవ్వరాదా?" అని అడిగితే నవ్వి, ఫోను తీసి చూపించినాడు.

"అదీ కొన్నాను మాస్టారూ. కాని ఇవ్వడానికి వీలులేదు. కంపెనీవారి అంతర్జాల స్థలంలో నా ఖాతాలో ఉన్నది. అక్కడికి పోయి చదువుకోవలసిందే."

పూర్తి వెల చెల్లించినవాడు తన పుస్తకాన్ని గురువుకు ఎరువివ్వలేకపోవడమేమిటి? అతడు వెళ్లిపోయిన తరువాత కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దానిని గురించి కొంత చదివి తెలుసుకొన్న సంగతులను ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ విన్నవిస్తున్నాను.

మన భాషలో ఈ వ్యవహారాలకు మాటల కరువు లేదు. ఇల్లు అద్దెకు తీసుకొంటాము, బండి బాడుగకు, పొలం కౌలుకు, పెండ్లికి పోయేటప్పుడు నగ ఎరువుకు. ఎరువుల సొమ్ము బరువుల చేటని హెచ్చరిక కూడా చేసుకొన్నాము. కొన్నామంటే మాత్రం అర్థం ఒక్కటే. అమ్మినవానికి ఇక దానిమీద ఏ అధికారమూ లేదు. కౌలుదారు ఎంత చక్కగా సేద్యం చేసినా గట్టు జరపలేడు, ఆ పొలాన్ని కూతురికి పసుపుకుంకుమగా ఇవ్వలేడు. ఈ భేదం పల్లెటూరి పిల్లవానికి సైతం తెలుసు. ఈ కొత్త పుస్తకాల అంగడిలో సరిగా ఆ భేదమే చెరిగిపోయినది.

అమ్మిన తరువాత కూడా పుస్తకంమీద పట్టు నిలుపుకోవలెనన్న కోరిక ప్రచురణకర్తలకు నిన్నమొన్న పుట్టినది కాదు. 1904లో బాబ్స్-మెరిల్ అనే అమెరికా సంస్థ 'ది కాస్టవే' అనే నవల ప్రచురించి, దానిని ఒక డాలరుకు తక్కువగా అమ్మరాదనీ, అమ్మితే తమ కాపీరైటును భంగపరచినట్లేననీ పుస్తకంలోనే అచ్చువేయించినది. న్యూయార్కులోని మేసీస్ దుకాణంవారు ఆ మాట లెక్కచేయక 89 సెంట్లకు అమ్మినారు. వ్యాజ్యం సుప్రీంకోర్టుదాకా పోయినది. ఒకమారు అమ్మివేసిన ప్రతిని ఆ తరువాత ఎవరు ఏ వెలకు అమ్ముకోవలెనో శాసించే హక్కు కాపీరైటువలన సంక్రమించదని 1908లో న్యాయస్థానం తీర్పు చెప్పినది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం కూడా, ప్రజలలో ప్రతులు విడుదల చేసే హక్కును చెప్పేటప్పుడు, అప్పటికే చలామణీలో ఉన్న ప్రతులను మినహాయించినది. ఆదివారంనాడు ఆబిడ్స్ కాలిబాటమీద పాతపుస్తకాలు పరచి అమ్మేవారికి ఈ సెక్షన్ల గొడవ తెలియకపోవచ్చును. నా బీరువాలో సగం అక్కడిదే. ఆ సగంలో సగానికి ఎవరిదో పేరు, ఎవరిదో సంతకం ఉన్నవి.

ఈ-పుస్తకాల విషయంలో ఈ న్యాయం చెల్లలేదు. చదివివేసిన ఈ-పుస్తకాలను తిరిగి అమ్మే వ్యాపారం ఒకటి టామ్ కాబినెట్ అనే పేరుతో నెదర్లాండ్సులో వెలసినది. హక్కుదారుని అనుమతి లేనిదే అది కూడదని 2019 డిసెంబరులో యూరపు న్యాయస్థానం తేల్చినది.

ఇక మా అబ్బాయి ఆటకు వద్దాము. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీనిని రూపొందించగా, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరినుంచి 1974లో వెలువడినది. మూడు చిన్న పుస్తకాలు, వాటికొక పెట్టె. మొదటి విడత వేయి ప్రతులు, వెల పది డాలర్లు. ఆ ప్రచురణ సంస్థ టీఎస్ఆర్‌ను 1997లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ కొన్నది. ఆ కంపెనీని 1999లో బొమ్మల వ్యాపారి హాస్‌బ్రో కొన్నది. యజమానులు ఇన్ని మారులు మారినా, 1974లో పెట్టె కొన్నవాని పుస్తకంలో అక్షరమైనా కదలలేదు. ఈనాటికీ ఎవరి అటకమీదనైనా ఒక ప్రతి ఉంటే దుమ్ము దులిపి ఆడుకోవచ్చును.

కంప్యూటరు ప్రతుల కథ వేరు. 2009 ఏప్రిల్‌లో విజర్డ్స్ కంపెనీ, దొంగప్రతులు ప్రబలినవన్న కారణంతో, తమ పుస్తకాల పీడీఎఫ్ ప్రతుల అమ్మకాన్ని అన్ని అంగళ్లలోనూ ఒక్కసారిగా నిలిపివేసినది. అంతటితో ఆగలేదు. డ్రైవ్‌త్రూఆర్‌పీజీ అనే అంగడిలో అంతకుముందే డబ్బిచ్చి కొన్నవారికి సైతం మళ్లీ దింపుకొనే దారి మూసుకుపోయినది. అమ్మకం తిరిగి మొదలైనది 2013 జనవరిలో. అయితే, అప్పటికే ఫైలును తమ యంత్రంలోకి దింపుకొన్నవారికి చీమ కుట్టినట్లయినా లేదు! వారి ప్రతి వారివద్దనే ఉన్నది. కనుక కంప్యూటరు పుస్తకమంతా ఒకటే జాతి అనుకోరాదు. ఇంటికి తెచ్చుకోగల ఫైలు ఒకటి. అంగడిలోనే ఉంచి, వచ్చి చూసిపొమ్మనేది మరొకటి. మొదటిది తిరిగి అమ్ముకొనే హక్కు లేకపోయినా చాలవరకు సొంతపుస్తకమే. రెండవది కౌలు.

కౌలులో పాపమేమీ లేదు. 2008లో ఇదే కంపెనీ 'ఇన్‌సైడర్' అనే పేరుతో నెలసరి చందా పద్ధతి ఒకటి పెట్టినది. చందా కట్టినంతకాలం నిబంధనలన్నీ వెదకి చూసుకోవచ్చును, పాత్రలు తయారుచేసుకోవచ్చును. 2020 ఆరంభంతో ఆ ఉపకరణాలు మూతపడినవి. ఆడేవారికి కష్టం కలిగినది నిజమే. కాని అది చందా అని మొదటినుంచీ చెప్పినారు. గ్రంథాలయానికి చందా కట్టి పుస్తకం నాదేనని ఎవరనగలరు? నాకున్న ఫిర్యాదు, కౌలు కాగితానికి క్రయపత్రమని పేరుపెట్టడంమీద.

ఆటపుస్తకం విషయంలో ఈ పొరపాటు మరీ ఖరీదైనది. నవల ఒకసారి చదివి పక్కన పెడతాము. నిబంధనల పుస్తకం అట్లా కాదు. వారంవారం సాగే కథకు అది వ్యాకరణం. వ్యాకరణం మధ్యలో మారితే కథ కుంటుతుంది. ఇది ఊహ కాదు. హాస్‌బ్రో 2022లో కొన్న 'డీ అండ్ డీ బియాండ్' అనే అంతర్జాల స్థలంలో లక్షణంగా డబ్బిచ్చి పుస్తకాలు తీసుకొన్నవారికి 2024 ఆగస్టులో ఒక ప్రకటన కనబడినది. నిబంధనల కొత్త కూర్పు రాబోతున్నది కాబట్టి, వారి పాత్రల పట్టికలలోని పాత మంత్రాలు, మాయావస్తువుల స్థానంలో కొత్తవి వస్తాయట. పాతవే కావలెనంటే ఎవరికి వారు చేతితో ఎక్కించుకోవలెనట. పాత పుస్తకం చదువుకోవడానికి ఉంటుంది, ఆడుకోవడానికి మాత్రం ఇబ్బంది. ఏళ్ల తరబడి కథ నడుపుతున్న సూత్రధారులు మండిపడినారు. కొద్దిరోజులలోనే కంపెనీ వెనుకకు తగ్గి, పాత మంత్రాలను ఉంచుతామన్నది. మంచిదే. కాని అద్దె యింటివాడు బ్రతిమాలితే గోడ పడగొట్టడం మానుకొన్నంత మాత్రాన ఇల్లు వానిది అయినట్లా?

కాలిఫోర్నియా శాసనసభ ఈ మాట పట్టుకొన్నది. 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన అక్కడి చట్టం ప్రకారం, ఇచ్చేది అనుమతి మాత్రమేనని కొనేవానికి స్పష్టంగా తెలియజేయనిదే, ఇటువంటి సరుకు విషయంలో 'కొనండి' అనే మాట వాడరాదు. కొన్నవాడు శాశ్వతంగా దింపుకొని, అమ్మినవాడు మళ్లీ లాగుకోలేని సరుకుకు ఈ ఆంక్ష లేదు. బాహాటంగా చందా పద్ధతిన ఇచ్చేదానికీ లేదు. ఒక మాట అర్థాన్ని కాపాడడానికి చట్టం పుట్టడం భాషోపాధ్యాయులమైన మనకు కొంత ఊరట కలిగించే విషయం.

ఈ సంగతులన్నీ మా అబ్బాయికి ఫోనులో చెప్పినాను. సాంతం విని, "మీరన్నది నిజమే మాస్టారూ. కాని నేనుండేది ఒక్క గది. ఆ పుస్తకాలన్నీ కొంటే నేను వరండాలో పడుకోవలె. మెట్రో రైలులో నాలుగు సంపుటాలు మోయడం ఒక ఎత్తు. ఫోనులో అయితే ఏ మంత్రం కావలసినా క్షణంలో దొరుకుతుంది, పాత్ర బలాబలాల లెక్క అదే వేసిపెడుతుంది" అన్నాడు. కాదనలేకపోయినాను. అద్దె గదిలో ఉండేవాడు అద్దె పుస్తకం చదవక ఏమి చేస్తాడు? అయితే ఇకముందు ఫైలుగా దింపుకోగలదానికీ, ఖాతాలో ఉండిపోయేదానికీ తేడా చూసి కొంటానన్నాడు. మూడేళ్ల కథకు ఆధారమైన మూలగ్రంథాన్ని మాత్రం అచ్చుప్రతిగానే ఉంచుకొంటాడట.

ఆ మూలగ్రంథం ఇప్పుడు నా బల్లమీద ఉన్నది. మంత్రాల అధ్యాయంలో ఒకచోట టీ మరక, దాని పక్కన పెన్సిలుతో "ఈ రాత్రి దీనివల్లనే బతికినాము" అని అతని చేవ్రాత. నేను సగం చదివినాను. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకొనిపోతానన్నాడు.